రేస్‌వే కింద నల్లటి ప్రాంతం: వేడి వల్ల వచ్చిందా, రోలింగ్ ఫెటీగ్ వల్లా?

ల్యాబ్‌బెంచ్:

అందరికీ నమస్కారం. ఎండ్యూరెన్స్ రిగ్ మీద నడిచిన ఒక డీప్ గ్రూవ్ బాల్ బేరింగ్‌ను ఆపి, ఇన్నర్ రింగ్ కోసి మైక్రోస్కోప్ కింద చూశాను. స్టీలు మామూలు 52100 బేరింగ్ స్టీలు. నూనెలో క్వెంచ్ చేసి (వేడి స్టీలును ఒక్కసారిగా చల్లార్చి), 170 డిగ్రీల దగ్గర టెంపర్ చేసింది (మళ్లీ కాస్త వేడి చేసింది). రేస్‌వే (బాల్స్ దొర్లే గాడి) మీద గరిష్ఠ హెర్ట్జ్ ఒత్తిడి, అంటే బాల్ తాకేచోట పడే ఒత్తిడి, 3.5 గిగాపాస్కల్స్. సుమారు 60 కోట్ల సైకిల్స్ నడిచింది. స్పాలింగ్ (ఉపరితలం పెచ్చులూడటం) లేదు, వైబ్రేషన్ పెరగలేదు. బాల్స్ దొర్లిన ట్రాక్ కాస్త మెరుస్తోంది, అంతకుమించి పైకి ఏమీ కనబడదు.

2 శాతం నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎచ్ చేస్తే, అంటే పాలిష్ చేసిన ముఖాన్ని కొంచెం తినిపిస్తే, మాత్రం గ్రూవ్ అడుగున నెలవంక ఆకారంలో నల్లటి ప్రాంతం తేలింది. దాదాపు 0.1 మిల్లీమీటర్ లోతు నుంచి 0.4 దాకా ఉంది. రిపోర్టు చూసిన మా సీనియర్ దీన్ని వేడి వల్ల వచ్చిన మార్పుగా రాయమంటున్నారు. లూబ్రికేషన్ దెబ్బతిని ఉండాలి, లేదంటే గ్రైండింగ్ బర్న్ అయి ఉండాలి అని ఆయన అభిప్రాయం. కానీ టెస్టు జరిగినంత కాలం ఔటర్ రింగ్ 70 డిగ్రీలు దాటలేదు. అలా రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి.

ఉక్కుపొర:

ముందు రెండు విషయాలు చెప్పండి. ఏ దిశలో కోశారు, షాఫ్ట్ అక్షం వెంటనా, బాల్ దొర్లే దిశ వెంటనా? నల్లదనం ఎక్కడైనా ఉపరితలాన్ని తాకుతోందా?

ల్యాబ్‌బెంచ్:

అక్షం వెంట కోశాను. ఎక్కడా తాకడం లేదు సార్. పైన సన్నటి పొర మామూలు రంగులోనే ఉంది. అడుగున కూడా మెల్లగా పలచబడి మామూలు స్టీలులో కలిసిపోతోంది.

ఉక్కుపొర:

అయితే గ్రైండింగ్ బర్న్ కాదు. బర్న్ అనేది పై నుంచి మొదలవుతుంది. గ్రైండింగ్ వీల్ వేడి తగిలిన చర్మం అతిగా టెంపర్ అయి నల్లబడుతుంది. వేడి మరీ ఎక్కువైతే ఉపరితలం మళ్లీ హార్డెన్ అయి తెల్లటి పొర వస్తుంది, దాని కింద నల్ల పొర ఉంటుంది. లూబ్రికేషన్ పోయి వేడెక్కినా కథ అంతే, ముందు దెబ్బ పైపొరకే. పైపొర చెక్కుచెదరకుండా లోపల మాత్రమే నల్లబడిందంటే అక్కడ పనిచేసింది వేడి కాదు, ఒత్తిడి.

మీరు చూస్తున్నది డార్క్ ఎచింగ్ రీజియన్. 1940ల్లోనే బేరింగుల్లో దీన్ని గమనించి రాశారు. 1976లో స్వాన్, బెకర్, వింగ్స్‌బో కలిసి చేసిన పని ఇప్పటికీ ఈ విషయంలో ఆధారంగా నిలుస్తోంది. వాళ్లు దీన్ని మార్టెన్సైట్ (క్వెంచ్ చేసినప్పుడు వచ్చే గట్టి స్టీలు నిర్మాణం) క్షీణించడంగా వివరించారు.

52100లో సుమారు 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం ఉంటాయి. 850 డిగ్రీల దగ్గర ఆస్టెనైట్ (బాగా వేడిలో ఉండే స్టీలు రూపం) చేసినప్పుడు కార్బైడ్లు (లోహంతో కార్బన్ కలిసిన గట్టి కణాలు) మొత్తం కరగవు, కొన్ని గుండ్రటి గింజల్లా మిగులుతాయి. క్వెంచ్ అయ్యాక కార్బన్ ఇరుక్కున్న మార్టెన్సైట్, మారకుండా మిగిలిన కొంత ఆస్టెనైట్, ఈ గింజలు, ఇవీ మన చేతికొచ్చేవి. 170 డిగ్రీల టెంపరింగ్‌తో కొంత కార్బన్ బయటపడి సన్నటి కార్బైడ్లు అవుతుంది. అయినా మార్టెన్సైట్‌లో ఇంకా చాలా కార్బన్ ఉంటుంది. అందుకే 60 హెచ్‌ఆర్‌సీ దాటి హార్డ్‌గా ఉంటుంది, అందుకే అస్థిరంగా కూడా ఉంటుంది. కోట్ల సార్లు నొక్కుతూ ఉంటే అది మెల్లగా సడలుతుంది. నైటాల్ ఆ సడలిన చోటును ఎక్కువగా తింటుంది, అందుకే నల్లగా కనబడుతుంది.

హెర్ట్జ్‌రేఖ:

లోతు లెక్క కూడా సరిపోవాలి, అది చూసుకుంటే మీ సీనియర్‌కు చెప్పడం తేలికవుతుంది. మీ బేరింగ్‌లో కాంటాక్ట్ దీర్ఘవృత్తం దొర్లే దిశలో ఎంత వెడల్పు?

ల్యాబ్‌బెంచ్:

సగం వెడల్పు 0.3 మిల్లీమీటర్ వస్తోంది.

హెర్ట్జ్‌రేఖ:

ఇన్నర్ రింగ్ గ్రూవ్‌లో బాల్ కాంటాక్ట్ గ్రూవ్‌కు అడ్డంగా బాగా సాగిన దీర్ఘవృత్తం. అందుకని లైన్ కాంటాక్ట్ లెక్కకు చాలా దగ్గరగా ఉంటుంది. గరిష్ఠ షియర్ ఒత్తిడి (ఒక పొరను ఇంకో పొర మీద జరిపే ఒత్తిడి) సగం వెడల్పుకు 0.78 రెట్ల లోతులో వస్తుంది, విలువ హెర్ట్జ్ ఒత్తిడిలో 0.30 వంతు. అంటే మీకు 0.23 మిల్లీమీటర్ లోతులో 1.05 గిగాపాస్కల్స్. ఉపరితలానికి సమాంతరంగా ఉండే ఆర్థోగోనల్ షియర్ సగం వెడల్పుకు 0.5 రెట్ల దగ్గర, అంటే 0.15 మిల్లీమీటర్ లోతులో ఎక్కువ. అది ప్రతి బాల్ దాటినప్పుడు ప్లస్ 0.25 నుంచి మైనస్ 0.25 వంతుకు తిరగబడుతుంది. ఒక్కో సైకిల్‌లో మొత్తం ఊపు 1.75 గిగాపాస్కల్స్! ఈ రెండు లోతులూ మీ నల్లటి ప్రాంతం మధ్యలోనే పడుతున్నాయి. వేడి వల్ల అయితే ఈ పొంతన కుదరడానికి కారణమే లేదు.

రిపోర్టులో మైక్రోస్కోప్ ఫొటో పక్కనే, అదే స్కేలులో షియర్ ఒత్తిడి గ్రాఫ్ పెట్టండి.

ఎంటెక్_మెటలర్జీ:

సార్, ఒక సందేహం. 70 డిగ్రీల దగ్గర కార్బన్ అంత దూరం ఎలా కదులుతుంది? టెంపరింగే 170 దగ్గర చేశారు. అంతకంటే తక్కువ వేడిలో కొత్తగా ఏదీ మారకూడదు కదా? కాంటాక్ట్ దగ్గర క్షణకాలం వచ్చే వేడి ఏమైనా కారణమా?

ఉక్కుపొర:

మంచి ప్రశ్న. దాని మీద చాలా చర్చే జరిగింది. కాంటాక్ట్ దగ్గర పుట్టే క్షణిక వేడి ఉపరితలం దగ్గరే ఎక్కువ, 0.2 మిల్లీమీటర్ లోతుకు వెళ్లేసరికి ఏమీ మిగలదు. కాబట్టి వేడిని పక్కన పెట్టండి.

ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ డిస్లొకేషన్ల (స్ఫటికంలో అణువుల వరస తప్పిన గీతలు) చుట్టూ తిరుగుతుంది. మొత్తంగా చూస్తే స్టీలు ఎలాస్టిక్‌గానే ఉన్నా, గింజ స్థాయిలో ప్రతి సైకిల్‌కూ అతి చిన్న ప్లాస్టిక్ కదలిక ఉంటుంది. డిస్లొకేషన్లు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. కార్బన్ అణువులకు డిస్లొకేషన్ చుట్టూ ఉండే సాగిన చోటు అనుకూలం, అక్కడికి చేరతాయి. డిస్లొకేషన్ కదిలినప్పుడు దానితో పాటే జరిగి, కణాల హద్దుల దగ్గరో, ముందే ఉన్న కార్బైడ్ దగ్గరో స్థిరపడతాయి. వరద నీరు ఇసుకను మోసుకెళ్లి వంపుల దగ్గర వదిలిపోయినట్టు. ఒక్క సైకిల్‌లో జరిగేది దాదాపు శూన్యం, 60 కోట్ల సైకిల్స్‌లో జరిగేది మాత్రం మైక్రోస్కోప్‌లో కనబడేంత. చివరికి మార్టెన్సైట్ ఉన్న చోట కార్బన్ దాదాపు లేని ఫెర్రైట్ మచ్చలు తయారవుతాయి.

ఉష్ణోగ్రతకు పాత్ర లేదని కాదు. నడిచే ఉష్ణోగ్రత పెరిగితే ఇదే మార్పు తొందరగా వస్తుంది. కానీ నడిపించేది సైకిల్స్‌లోని షియర్. కదలకుండా ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర ఉంచిన రింగ్‌లో ఈ నెలవంక రాదు.

ఎంటెక్_మెటలర్జీ:

అర్థమైంది సార్, థాంక్యూ. మరి మిగిలిన ఆస్టెనైట్ సంగతి?

ఉక్కుపొర:

అది కూడా మారుతుంది, అదీ ముందే మొదలవుతుంది. షియర్ ఎక్కువగా ఉన్న లోతులో మిగిలిన ఆస్టెనైట్ తగ్గిపోతుంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో లోతు వారీగా కొలిస్తే అక్కడ గుంతలా కనబడుతుంది. దాంతో పాటు కంప్రెసివ్ రెసిడ్యువల్ ఒత్తిడి (లోడు తీసినా లోపల మిగిలే నొక్కుడు) పెరుగుతుంది. 1985లో వోస్కాంప్ ఈ మార్పులను మూడు దశలుగా చూపించాడు: మొదట స్టీలు లోడుకు సర్దుకునే దశ, తర్వాత పెద్ద మార్పు లేకుండా సాగే సుదీర్ఘ దశ, ఆ తర్వాత నిర్మాణం వేగంగా మారే అస్థిర దశ. మొదటి దశలో హార్డ్‌నెస్ కొంచెం పెరగొచ్చు కూడా. కొత్త బేరింగ్‌ను, కొంచెం నడిచిన బేరింగ్‌ను, బాగా నడిచిన బేరింగ్‌ను పక్కపక్కన పెట్టి కొలిస్తే హార్డ్‌నెస్ ఒకే దిశలో పోదు. చాలామంది ఇక్కడే తికమక పడతారు.

ల్యాబ్‌బెంచ్:

అదే రింగ్‌ను బాల్ దొర్లే దిశ వెంట కూడా కోసి చూశాను. ఇది నేను ఊహించలేదు. నల్లటి ప్రాంతం లోపల తెల్లటి సన్న గీతలు ఉన్నాయి, చాలావరకు ఒకే వాలుతో. ఉపరితలంతో కోణం కొలిస్తే 30 డిగ్రీల దగ్గర వస్తోంది. వాటిని అడ్డంగా దాటుతూ ఇంకో రకం ఉన్నాయి, అవి మందంగా, దాదాపు నిట్టనిలువుగా ఉన్నాయి. ఇవి చాలా తక్కువ, అక్కడక్కడే.

మైక్రో విక్కర్స్ హార్డ్‌నెస్ పరీక్ష కూడా వేశాను. లోపలి మార్పు లేని స్టీలు 740 చుట్టూ ఉంటే నల్లటి ప్రాంతం మధ్యలో 690 వరకు దిగుతోంది.

ఉక్కుపొర:

చాలా మంచి శాంపిల్ మీది, జాగ్రత్తగా దాచండి. 30 డిగ్రీల వాటిని లో యాంగిల్ బ్యాండ్స్ అంటారు, 80 డిగ్రీల దగ్గర ఉన్నవి హై యాంగిల్ బ్యాండ్స్. ఇవి ఒక వరసలో వస్తాయి. ముందు నల్లటి ప్రాంతం, తర్వాత 30 డిగ్రీల గీతలు, చివర 80 డిగ్రీలవి. మీరు నడిపినంత ఒత్తిడిలో 30 డిగ్రీలవి 10 కోట్ల సైకిల్స్ ప్రాంతంలో మొదలవుతాయి, 80 డిగ్రీలవి కొన్ని పదుల కోట్లు దాటాకే. మీ 60 కోట్లకు, 80 డిగ్రీలవి అప్పుడే తలెత్తుతున్నట్టు కనబడటానికి సరిగ్గా పొందిక కుదిరింది.

ఈ గీతలు నిజానికి పలకలు, కోసిన చోట గీతల్లా కనబడతాయి. లోపల కార్బన్ కోల్పోయిన ఫెర్రైట్ ఉంటుంది. బయటికెళ్లిన కార్బన్ 30 డిగ్రీల పలకల అంచున పలచటి కటకం ఆకారపు కార్బైడ్లుగా పేరుకుంటుంది. పికరాల్‌తో (పిక్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్) ఎచ్ చేసినా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టినా అవి బాగా తెలుస్తాయి. ఇటీవల ఈబీఎస్‌డీతో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో స్ఫటికాల దిశ కొలిచే పద్ధతి) చూసినవాళ్లు పలకల లోపల రీక్రిస్టలైజేషన్ (కొత్త గింజలు పుట్టడం) జరుగుతోందని చూపిస్తున్నారు. కేవలం కార్బన్ జరగడంతోనే ఇదంతా అయిపోదని నా అభిప్రాయం కూడా.

రింగ్ మీద దొర్లే దిశను బాణం గుర్తుతో గీసి పెట్టండి. గీతల వాలు ఆ దిశను బట్టే ఉంటుంది, గుర్తు లేకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు. అక్షం వెంట కోసిన ముక్కలో ఈ వాలు కనబడదు. ఒక్క ఆ ముక్క చూసి గీతలు లేవని రిపోర్టులు రాసేస్తుంటారు.

గేర్‌బాక్స్_మెకానిక్:

చర్చ చదువుతున్నాను, నాదో ప్రశ్న. నేను విండ్ టర్బైన్ గేర్‌బాక్సులు విప్పి బాగు చేసే పనిలో ఉన్నాను. హై స్పీడ్ షాఫ్ట్ రోలర్ బేరింగుల ఇన్నర్ రింగులు లెక్క ప్రకారం రావాల్సిన ఆయుష్షులో ఐదో వంతు కూడా రాకుండా పగిలిపోవడం చాలా చూశాం. ల్యాబ్‌కు పంపితే పగుళ్ల పక్కన తెల్లటి ప్రాంతాలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మీరు చెప్తున్న తెల్ల గీతలూ అవీ ఒకటేనా? మరి మీ బేరింగ్ పగలకుండా బాగానే ఉంది కదా?

ఉక్కుపొర:

ఒకటి కాదండీ. నైటాల్ కింద రెండూ తెల్లగానే కనబడతాయి గానీ లోపలి పదార్థం వేరు, వచ్చే దారి వేరు.

ల్యాబ్‌బెంచ్ గారి గీతలు చుట్టుపక్కల స్టీలు కంటే మెత్తన. మీ పగుళ్ల పక్కన ఉన్న తెల్లటి ప్రాంతం చుట్టుపక్కల కంటే గట్టిది. అందులో ఫెర్రైట్ గింజలు పదుల నానోమీటర్ల సైజుకు నలిగిపోయి ఉంటాయి, అసలు ఉన్న కార్బైడ్ గింజలు విరిగి దానిలోనే కరిగిపోయి ఉంటాయి. రిపోర్టులో మైక్రో హార్డ్‌నెస్ ఉందేమో చూడండి. అది ఒక్కటి ఉంటే తేల్చేయవచ్చు.

ఇదే గట్టి తెల్లటి పదార్థం ఇంకో రూపంలో కూడా వస్తుంది. అల్యూమినా లాంటి ఇన్‌క్లూజన్ (స్టీలులో చిక్కుకున్న మలిన కణం) చుట్టూ, 45 డిగ్రీల వాలులో రెండు రెక్కలు. బటర్‌ఫ్లై అంటారు. షాఫ్ట్ రెండు దిశల్లోనూ తిరిగితే నాలుగు రెక్కలు వస్తాయి. స్టీలు శుభ్రతకు అంత విలువ అందుకే. ఇప్పుడు మంచి బేరింగ్ స్టీలులో ఆక్సిజన్ 10 పీపీఎం కంటే తక్కువ ఉండేలా వాక్యూమ్ డీగ్యాసింగ్ చేస్తున్నారు.

గ్రీజు_గ్రేడ్2:

విండ్ గేర్‌బాక్స్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అక్కడ హెర్ట్జ్ ఒత్తిడి సాధారణంగా 2 గిగాపాస్కల్స్ లోపే. ఆ ఒత్తిడికి మామూలు ఫెటీగ్‌తో (పదేపదే లోడు పడి స్టీలు అలసిపోవడం) అంత త్వరగా పోకూడదు. హైడ్రోజన్ పాత్ర ఉందని గట్టిగా నమ్మేవాళ్లలో నేనొకడిని. లూబ్రికెంట్ విచ్ఛిన్నమైనా, నూనెలో నీరు చేరినా హైడ్రోజన్ పుడుతుంది, జారుడు వల్ల కొత్తగా బయటపడిన లోహపు ఉపరితలం దాన్ని పీల్చుకుంటుంది. బేరింగ్ గుండా కరెంటు పారితే ఇంకా ఎక్కువ. ఎఫ్‌ఈ8 అనే బేరింగ్ టెస్టు రిగ్ మీద సిలిండ్రికల్ రోలర్ థ్రస్ట్ బేరింగ్ పెట్టి, కొన్ని రకాల అడిటివ్‌లు (కలిపే రసాయనాలు) ఉన్న నూనె వాడితే ఇవే తెల్ల పగుళ్లు తెప్పించగలుగుతున్నారు. నూనె మారిస్తే అదే బేరింగ్, అదే లోడులో రావడం లేదు. ముందే స్టీలులోకి హైడ్రోజన్ ఎక్కించి నడిపినా వస్తాయి.

హెర్ట్జ్‌రేఖ:

హైడ్రోజన్ లేకుండా కూడా ఈ తెల్లటి పదార్థం వస్తుంది కదా? బటర్‌ఫ్లైలు శుభ్రమైన నూనెలో నడిచిన బేరింగుల్లోనూ ఉన్నాయి. నా దృష్టిలో ముందు పగులు, తర్వాత తెల్లదనం. పగులు రెండు ముఖాలూ కంప్రెషన్ కింద ఒకదానితో ఒకటి కోట్ల సార్లు రాసుకుంటే పక్కనున్న స్టీలు నలిగి నానో గింజలవుతుంది. కొంచెం కొంచెంగా పాలిష్ చేస్తూ పొరలు పొరలుగా చూస్తే కొన్ని చోట్ల తెల్లదనం లేని పగులు కొనసాగుతూ ఉంటుంది. తెల్లదనమే ముందైతే అలా ఉండకూడదు.

గ్రీజు_గ్రేడ్2:

నేను చెప్పింది దానికి విరుద్ధం కాదు. పగులు ముందే పుట్టనివ్వండి, రాపిడితోనే తెల్లబడనివ్వండి. ఆ పగులు అంత తక్కువ ఒత్తిడిలో, అంత తొందరగా ఎందుకు పుట్టింది, ఎందుకు పాకింది అన్నదానికి జవాబు కావాలి కదా. అక్కడ హైడ్రోజన్ సరిపోతుంది. హైడ్రోజన్ ఉంటే డిస్లొకేషన్లు తేలిగ్గా కదులుతాయి, ప్లాస్టిక్ కదలిక ఒకే చోట పోగవుతుంది.

కొలవడం మాత్రం కష్టం. బేరింగ్ ఆగిన దగ్గర్నుంచీ స్టీలులో కదిలే హైడ్రోజన్ బయటికి పోతూనే ఉంటుంది. వెంటనే ద్రవ నైట్రోజన్‌లో పెట్టకపోతే ల్యాబ్‌కు చేరేసరికి కొలవడానికి ఏమీ ఉండదు. గేర్‌బాక్స్ విప్పి, పార్సిల్ కట్టి, తర్వాతెప్పుడో కొలిచి హైడ్రోజన్ లేదని రాసిన రిపోర్టును నమ్మొద్దు.

గేర్‌బాక్స్_మెకానిక్:

హార్డ్‌నెస్ చూశాను. తెల్లటి చోట చుట్టుపక్కల కంటే ఎక్కువే రాశారు. అంటే మీరు చెప్పినదే. మేము ఏం చేయగలం మరి?

గ్రీజు_గ్రేడ్2:

బ్లాక్ ఆక్సైడ్ పూసిన బేరింగులు చాలా గేర్‌బాక్సుల్లో వాడుతున్నారు, పరిస్థితి మెరుగుపడిందని అనుభవం. ఉపరితలం దగ్గర కంప్రెసివ్ ఒత్తిడి, ఎక్కువ ఆస్టెనైట్ ఉండే కార్బురైజ్డ్ స్టీలు ఇంకో దారి. నూనెలో నీరు ఎంతుందో క్రమం తప్పకుండా కొలవండి. జనరేటర్ వైపు కరెంటు లీకేజీ ఉందేమో ఎర్తింగ్ చూడండి.

హెర్ట్జ్‌రేఖ:

ల్యాబ్‌బెంచ్ గారూ, మీ అసలు టెస్టు గురించి ఒక మాట. ఈ చర్చ మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

బాల్ బేరింగ్ ఆయుష్షు లోడు ఘనానికి విలోమం, 1947 నాటి లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ లెక్క. హెర్ట్జ్ ఒత్తిడి లోడు ఘనమూలంతో పెరుగుతుంది. అంటే ఆయుష్షు ఒత్తిడి 9వ ఘాతానికి విలోమం. మీరు 3.5 దగ్గర టెస్టు చేసి, వాడేచోట 1.75 ఉంటుందని లెక్క వేస్తే 512 రెట్లు గుణిస్తారు. కాగితం మీద చాలా బాగుంటుంది. కానీ ఆ లెక్కకు ఆధారం రెండు చోట్లా స్టీలు ఒకే విధంగా అలసిపోతుందన్న ఊహ. మీ 3.5 టెస్టులో స్టీలు నల్లబడింది, గీతలు పడింది, మెత్తబడింది. 1.75 దగ్గర నూనె పొర బాగుంటే ఈ నెలవంక అసలు రాకపోవచ్చు. అక్కడ పగులు ఇన్‌క్లూజన్ దగ్గరో, ఉపరితలం మీద చెత్త కణం చేసిన గుంత దగ్గరో పుడుతుంది. ఒక రకం చావును కొలిచి ఇంకో రకం చావుకు ఆయుష్షు చెప్తున్నట్టవుతుంది. 1985లో ఐయోనైడిస్, హారిస్ ఫెటీగ్ లిమిట్‌ను (ఇంతకంటే తక్కువ ఒత్తిడిలో అలసట రాదన్న హద్దు) లెక్కలోకి తెచ్చారు, బేరింగ్ ఆయుష్షు లెక్కించే ప్రమాణం ఐఎస్ఓ 281లో ఇప్పుడు అది ఉంది. అయినా ఆ లెక్క స్టీలు నిర్మాణం మధ్యలో మారుతుందని చూడదు.

ఎల్10 అంకె (పది శాతం బేరింగులు పోయే ఆయుష్షు) మాత్రమే ఇచ్చి ఊరుకునే టెస్టు రిపోర్టును నేను ఒప్పుకోను. స్పాల్ అయినవీ ఆపేసినవీ రెండూ కోసి లోపల ఏం జరిగిందో చూపించాలి.

ఉక్కుపొర:

పూర్తిగా ఏకీభవిస్తాను. ఐఎస్ఓ 76 ప్రకారం బాల్ బేరింగ్ స్టాటిక్ రేటింగే (తిరగకుండా మోయగల లోడు) 4.2 గిగాపాస్కల్స్ దగ్గర లెక్కిస్తారు, అంటే ఆ ఒత్తిడికి శాశ్వతమైన చిన్న గుంత పడుతుంది. 3.5 దానికి ఎంతో దూరంలో లేదు. తొందరగా ఫలితం కావాలని ఒత్తిడి పెంచుతూ పోతే ఒకచోట బేరింగ్‌ను కాకుండా ప్లాస్టిక్ డిఫర్మేషన్‌ను టెస్టు చేయడం మొదలవుతుంది.

ల్యాబ్‌బెంచ్:

అందరికీ కృతజ్ఞతలు. గ్రాఫూ ఫొటోలూ పక్కపక్కన పెట్టి మా సీనియర్‌కు చూపించాను. పైపొర మారలేదన్నది, లోతు సరిపోయిందన్నది చూశాక వేడి అన్న మాట తీసేయడానికి ఒప్పుకున్నారు. ఇదే బ్యాచ్ బేరింగులను 2.5 దగ్గర నడపడానికి అనుమతి అడిగాను. ఎక్కువ కాలం పడుతుంది, అయినా మధ్యమధ్యలో కొన్నింటిని ఆపి కోసి చూస్తాం. ఆస్టెనైట్ కొలవడానికి రింగ్‌ను పొరలుగా తీయాలి, గ్రైండింగ్ పనికొస్తుందా?

ఉక్కుపొర:

గ్రైండింగ్ వద్దు. అదే కొత్త ఒత్తిడి పెట్టి ఆస్టెనైట్‌ను మార్చేస్తుంది. ఎలక్ట్రోపాలిషింగ్‌తో 50 మైక్రాన్ల చొప్పున తీస్తూ, ప్రతి పొర దగ్గరా ఎక్స్‌రే కొలత తీసుకోండి. షియర్ ఎక్కువున్న చోట, అంటే 0.1 నుంచి 0.3 మధ్య, ఇంకా దగ్గర దగ్గరగా. మార్పు రాని కొత్త రింగ్ ఒకటి తప్పకుండా పక్కన పెట్టి అదే విధంగా కొలవండి, పోల్చడానికి అదే ఆధారం.

ముక్క కోసేటప్పుడు కూలెంట్ ధారాళంగా పారాలి, కట్టర్ నెమ్మదిగా దిగాలి. ఇంకొకటి, మీ ల్యాబ్‌లో నైటాల్ ఎప్పటికప్పుడు కలుపుకుంటారో లేదో తెలియదు గానీ, గాఢంగా కలిపి మూత బిగించిన సీసాలో నిల్వ ఉంచకండి, పేలే ప్రమాదం ఉంది.

ఎంటెక్_మెటలర్జీ:

2.5 ఫలితాలు వచ్చినప్పుడు ఇక్కడే పెట్టండి సార్. 30 డిగ్రీల గీతలు అక్కడ కూడా వస్తాయా అన్నది నాకు చాలా ఆసక్తిగా ఉంది.

ల్యాబ్‌బెంచ్:

తప్పకుండా. మొదటి రింగ్ కోయగానే రెండు దిశల ఫొటోలూ హార్డ్‌నెస్ విలువలూ పెడతాను.